ఊపిరికి కావలి: మాస్కును పరీక్షించు విధము



బజారున కుండను కొనునపుడు మనము దానిని వ్రేలితో తట్టి చూతుము. కొబ్బరికాయను చెవియొద్ద ఆడించి నీటి చప్పుడు విందుము. బియ్యపుగింజను పంట కొరికి, చీర అంచును వెలుతురునకు పట్టి చూచిన పిదప గాని బేరము తెగనీయము. వస్తువు పైమెరుగును గాక, అది చేయవలసిన పనిని చేయునో లేదో కనిపెట్టుట గృహిణికి వెన్నతో పెట్టిన విద్య. అట్లయ్యును మన యింటివారి ప్రాణము దినమునకు ఎనిమిది గంటలు ఏ వస్తువుపై ఆధారపడి యున్నదో, ఆ వస్తువును మాత్రము మనలో పెక్కుమంది పరీక్షించి చూచినవారు కారు.

ఇస్నాపురమునుండి ఒక సోదరి మాకిట్లు వ్రాసినది: “మా యింటివారు మందులు చేయు కర్మాగారమున పని చేయుచున్నారు. వారికి ముఖమునకు తగిలించుకొను మాస్కు నొకదాని నిచ్చినారు. చూచుటకు దిట్టముగనే యున్నది. రెండు ప్రక్కల రెండు డబ్బీలు కూడ కలవు. అయినను ఇల్లు చేరునప్పటికి వారి ఊపిరియందు మందువాసన కొట్టుచున్నది, తలనొప్పి యనుచున్నారు. మాస్కు మంచిదేనా యని అడిగినచో, కంపెనీవా రిచ్చినది, మంచిదే యనుచున్నారు. అది మంచిదో కాదో నేనెట్లు తెలిసికొనవలయును?”

ఈ ప్రశ్న ఆమె యొక్కతెదే కాదు. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారము, బొంతపల్లి - ముంబయి రోడ్డునకు ఇరుప్రక్కలను, దానికి ఉత్తరముగను వ్యాపించిన యీ పారిశ్రామిక ప్రాంతమున 1970 దశాబ్దమునుండి మందుల కర్మాగారములు, రసాయనముల కర్మాగారములు ఒకదానివెంట నొకటి వెలసినవి. సంగారెడ్డి జిల్లాలో ఇంటికొకరు కాకున్నను, వీధికి నలుగురైన అందు పనిచేయుచుందురు. ఒడిశానుండియు, బీహారునుండియు వచ్చిన పడుచువాండ్రు మన యిండ్లలోనే గదులు అద్దెకు తీసికొని యుందురు. కావున నీ నెల యీ పుటను ఆ సోదరి ప్రశ్నకే వినియోగింతుము.

ముందుగా నొక మాట. “మాస్కు మంచిదా?” యను ప్రశ్న సగమే. జల్లెడ మంచిదా యని యడిగిన, పిండికా, రవ్వకా యని మనము తిరిగి అడుగమా? అట్లే యిచ్చటను మూడు ప్రశ్నలు వేయవలెను. దేనికి మంచిది? ఎవరి ముఖమునకు మంచిది? ఎంతసేపు మంచిది? ఈ మూటికిని సమాధానము దొరకనిచో, ఆ మాస్కు వెల యెంతయైనను, దానిపై నెన్ని ముద్రలున్నను, అది ముఖమునకు అలంకారమే గాని ఊపిరికి కావలి కాదు.

సదుద్దేశము చాలదు

మొదటి ప్రపంచయుద్ధమున 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియము దేశమునందలి ఈప్ర్ పట్టణముకడ జర్మను సేనలు క్లోరీను వాయువును విడిచినవి. సైనికుల నోటికి ముక్కునకు కట్టుకొనుటకు దూదిమెత్తలు కుట్టి పంపుడని లండను నగరపు డెయిలీ మెయిల్ పత్రిక ఆ దేశపు స్త్రీలను కోరినది. తల్లులు, భార్యలు, అక్కచెల్లెండ్రు రేయింబవళ్ళు కుట్టిరి. కొలది దినములలోనే వేలకొలది మెత్తలు పోగైనవి. వారి ప్రేమకు లోపము లేదు, కుట్టుపనికి వంక లేదు. కాని ఆ మెత్త పొడిగా నున్నపుడు వాయువును ఆపదు. తడిపినచో గాలిని లోనికి పోనీయక కట్టుకొన్నవానికే ఊపిరాడకుండ చేయును. ఆ మెత్తను ముందుగా ముఖమునకు కట్టుకొని, వాయువున్న గదిలో నిలిచి పరీక్షించి యుండినచో ఆ శ్రమ వ్యర్థము కాకుండెడిది.

నూరు సంవత్సరములు దాటినను ఈ పాఠము పాతబడలేదు. నేడును రియాక్టరుకడ పనిచేయు పిల్లవాడు తువాలును ముక్కునకు చుట్టుకొని, “నాకేమి కాదమ్మా” యనుచున్నాడు. ఆ తువాలును ఉతికి ఆరవేసినది మనమే.

దేనికి?

గాలిలోని చెరుపు ముఖ్యముగా రెండు రూపముల నుండును. ఒకటి ధూళి, రెండవది ఆవిరి లేక వాయువు. ఈ భేదమును గ్రహించినచో సగము విషయము తెలిసినట్లే. పిండిని జల్లించిన తవుడు పైన నిలిచిపోవును. కాని ఇంగువను గుడ్డలో నెన్ని మడతలు పెట్టి మూటగట్టినను వాసన బయటికి రాక మానదు. ధూళి తవుడు వంటిది. ఆవిరి ఇంగువ వాసన వంటిది.

కరోనా దినములలో మనకందరికి పరిచితమైన ఎన్-95 మాస్కు ధూళికి చెందినది. మిక్కిలి కష్టముగా చిక్కునట్టి, మిల్లీమీటరులో పదివేలవ వంతునకు మూడింతలుండు కణములను సయితము అది నూటికి 95 వంతులు ఆపవలయును. మన దేశమున ఇట్టివానికి ఐ.యస్. 9473 అను ప్రమాణము కలదు. దాని ననుసరించి ఎఫ్ఎఫ్‌పీ-1, 2, 3 అని తరగతులు వ్రాయుదురు. అంకె పెరిగినకొలది రక్షణ పెరుగును. మాత్రలు కొట్టు చోట, పొడి రుబ్బు చోట, డ్రయ్యరునుండి పొడిని దింపు చోట, ప్యాకింగు చోట ఇది తగినది. టోలుయీను, అసిటోను వంటి సాల్వెంట్ల ఆవిరి యున్నచోట నిది తువాలు కంటె మెరుగేమియు కాదు. ఇక వైద్యులు కట్టుకొను నీలిరంగు మాస్కు వైద్యుని నోటి తుంపరలు రోగిపై పడకుండుటకు పుట్టినది; కర్మాగారమునకు అది యే విధముగను చాలదు.

ఆవిరిని పట్టునది బొగ్గు. ఆ సోదరి చెప్పిన రెండు డబ్బీలే కార్ట్రిడ్జిలు. అందుండునది ప్రత్యేకముగా కాల్చి సిద్ధపరచిన బొగ్గు. మన కొబ్బరిచిప్పలనుండియే శ్రేష్ఠమైన బొగ్గు వచ్చును. 1918లో అమెరికాయందు స్త్రీలు, బడిపిల్లలు పీచుపండ్ల టెంకలను, కాయల పెంకులను ప్రోగుచేసి యిచ్చినది యీ బొగ్గు కొరకే. పిడికెడు బొగ్గులో కంటికి కానరాని రంధ్రములు కోటానుకోట్లు. ఆ రంధ్రముల గోడలకు ఆవిరి అంటుకొని నిలిచిపోవును, గాలి ముందునకు సాగును.

కాని అన్ని ఆవిరులకును ఒకే బొగ్గు పనికిరాదు. అందువలన కార్ట్రిడ్జిపై గుర్తు లుండును. యూరపు పద్ధతిలో గోధుమరంగు పట్టీ, ‘ఏ’ అను అక్షరము సాల్వెంట్ల ఆవిరికి. బూడిదరంగు, ‘బీ’ క్లోరీను వంటి వాయువులకు. పసుపు, ‘ఈ’ గంధకపు ఆమ్లవాయువులకు. ఆకుపచ్చ, ‘కే’ అమ్మోనియాకు. అమెరికా పద్ధతి వేరు: అందు సాల్వెంట్లకు నలుపు. ఈ రెండు పద్ధతుల సరకును బజారున దొరకును గనుక రంగును చూచి మోసపోరాదు. డబ్బీపై వ్రాసిన అక్షరములను, పదార్థముల పేర్లను చదివించవలెను.

ఇంకొక చిక్కు కలదు. కొన్ని ద్రవములు బొగ్గునకు చక్కగా చిక్కవు. మిథనాలు ఆవిరి సామాన్యపు కార్ట్రిడ్జిని త్వరగా దాటిపోవును. 40 డిగ్రీలకే మరుగునట్టి డైక్లోరోమీథేను మన వేసవిలో ఎంత శీఘ్రముగా ఆవిరియగునో యూహింపుడు. ఈ రెండును మందుల కర్మాగారములలో నిత్యము వాడుకొను సాల్వెంట్లు. ఇట్టిచోట స్వచ్ఛమైన గాలిని గొట్టముద్వారా తెప్పించుకొను మాస్కే కావలెను. కార్బన్ మోనాక్సైడును బొగ్గు పట్టనే పట్టదు. కనుక “డబ్బీలున్న మాస్కు” అనుకొని ధైర్యము వహించుట గాదు, “మీరు పనిచేయుచోట నుండు ద్రవము పేరేమి? ఈ డబ్బీ దానికి వ్రాయబడినదేనా?” యని అడుగుట యుక్తము.

ఎవరి ముఖమునకు?

ప్రెషర్ కుక్కరు మూత సరిగానే యుండును, గిన్నె సరిగానే యుండును. నడుమ గాస్కెట్టు వదులైనచో విజిలు రాదు, పప్పు ఉడకదు. మాస్కునకును ముఖమునకును నడుమనుండు అంచు అట్టిదే. గాలి సులభమైన త్రోవను వెదకును. అంచున వెండ్రుకవాసి సందున్నను బొగ్గును విడిచి ఆ సందుననే లోనికి వచ్చును. అప్పుడు వేయి రూపాయల కార్ట్రిడ్జియు వట్టి బరువే.

దీనిని పరీక్షించుట అతిసులభము. మాస్కు తగిలించుకొని, రెండు అరచేతులతో కార్ట్రిడ్జిలను మూసి, మెల్లగా గాలి లోనికి పీల్చవలెను. మాస్కు లోనికి కొంచెము నొక్కుకొని, పదిక్షణములు ముఖమునకు అంటుకొని నిలువవలెను. నిలువక సడలినచో ఎచ్చటనో గాలి దూరుచున్నది. పిదప బయటికి ఊపిరి విడుచు రంధ్రమును మూసి మెల్లగా ఊదవలెను. ముఖముచుట్టు ఎచ్చటను గాలి తగులరాదు. ఈ రెండు పనులకు అర నిమిషము చాలును. షిఫ్టునకు పోవు ప్రతిదినమును, మాస్కు తగిలించుకొన్న ప్రతిసారియు చేయవలసిన పని యిది.

ఇంతకంటె గట్టి పరీక్ష యొకటి కలదు. తలపై పలుచని ముసుగు వేసి, అందులో మిక్కిలి చేదైన ద్రవమునో, తీయని శాకరీను ద్రవమునో పొగమంచువలె చిమ్ముదురు. మాస్కు తగిలించుకొన్నవాడు తల త్రిప్పుచు, వంగుచు, మాటలాడుచు నుండవలెను. నాలుకకు రుచి తగిలినచో ఆ మాస్కు ఆ ముఖమునకు తగదు. మాస్కును మొదట ఇచ్చునపుడును, అటుపిమ్మట ఏటేటను ఈ పరీక్ష చేయుట మంచి కర్మాగారముల పద్ధతి. “మీకు చేదు పరీక్ష చేసినారా?” యని మీ యింటివారిని అడుగుడు. వారు తెల్లబోయి చూచినచో, పరీక్ష జరుగలేదనియే భావింపవచ్చును.

గడ్డము మాట కూడ చెప్పవలసియున్నది. రెండు దినముల గడ్డమైనను అంచును ఎత్తి పట్టును. సోమరితనముచే పెరిగినదైనచో మనమే క్షౌరపు కత్తిని చేతికిచ్చి పంపవలెను. మతాచారముచే పెంచుకొన్నదైనచో దానిని తీయుమనుట న్యాయము కాదు. యంత్రముతో గాలిని వడగట్టి లోనికి పంపు వదులు ముసుగులు కలవు, వానిని అడుగవలెను. ఇక ప్యాకింగు విభాగములలో పనిచేయు మన సోదరీమణుల సంగతి. చాల మాస్కులు పురుషుల ముఖపు కొలతల ననుసరించి చేయబడినవి. మూడు కొలతలున్న మాస్కులో నడిమి కొలతనే అందరికిని పంచిపెట్టు చోటులు కలవు. గడ్డముక్రింద వదులుగా వ్రేలాడు మాస్కును పిన్నీసుతో బిగించుకొనుట రక్షణ కాదు. చిన్నకొలతను అడిగి తీసికొనుట మన హక్కు.

ఎంతసేపు?

బొగ్గు తిండిపోతు వంటిది. కడుపు నిండువరకు ఎంతయైన మ్రింగును. నిండిన పిదప వచ్చినదానిని వచ్చినట్లే విడిచిపెట్టును. దుఃఖకరమైన సంగతి యేమన, నిండిన కార్ట్రిడ్జి చూచుటకు కొత్తదానివలెనే యుండును. ఎండ హెచ్చినను, గాలిలో తేమ పెరిగినను, మనిషి కష్టపడి ఎక్కువగా ఊపిరి పీల్చినను దాని ఆయువు తగ్గును. ఆషాఢ శ్రావణముల ముసురులో తేమయే బొగ్గులో సగము చోటును ఆక్రమించును.

“వాసన వచ్చినపుడు మార్చుదుము” అని పనివారు చెప్పుదురు. ఈ లెక్క ప్రమాదకరము. కొన్ని వాయువులకు వాసనయే లేదు. కొన్నింటికి వాసన తెలియునప్పటికే అపాయపు మేర దాటిపోవును. మురుగుతొట్లలో పుట్టు హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళిన గ్రుడ్డువలె కంపుకొట్టును. అది మిక్కుటమైనచో ముక్కునే మొద్దుబరచును. కంపు పోయినదని సంతోషించువాడు చావునకు చేరువైనవాడు. కావున మార్చవలసిన గడువును కర్మాగారమువారే లెక్కగట్టి, కార్ట్రిడ్జిపై తెరిచిన తేదీని వ్రాసియుంచవలెను. తేదీ లేని కార్ట్రిడ్జిని తేదీ లేని మందుసీసావలె చూడవలెను.

మరియొక సంగతి. సంచినుండి తీసిన కార్ట్రిడ్జి ముఖమున లేనపుడు కూడ పనిచేయుచునే యుండును. మేకునకు తగిలించినచో గదిలోని ఆవిరిని, తేమను, వంటపొగను, సాంబ్రాణిని సయితము పీల్చి ఆయువును పోగొట్టుకొనును. అందుకే మూతగల సంచిలో నుంచవలెను. నిజమునకు మాస్కు ఇంటికి రానేరాదు. దానిని కడిగి, ఆరబెట్టి, భద్రపరచుట కర్మాగారమున జరుగవలసిన పని. మీ యింటివారు మాస్కును టిఫిను సంచిలో పెట్టి తెచ్చుచున్నచో, అచ్చట దానిని ఉంచుటకు తగిన చోటు లేదని మీరు గ్రహింపవచ్చును.

గాలిని వెంట తీసికొనిపోవుట

ఇంతవరకు చెప్పినవన్నియు చుట్టునున్న గాలిని వడపోయునవి. గాలియే పాడైనచోట, ప్రాణవాయువే లేనిచోట, గాలిని వెంట మోసికొనిపోవలెను. సముద్రమున మునుగువాడు చేయున దిదియే. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో అను నావికాధికారియు, గాన్యాన్ అను ఇంజనీరును కలిసి నీటిలో మునుగువానికి, పీల్చినపుడు మాత్రమే గాలినిచ్చు వాల్వును సిద్ధపరచిరి. యుద్ధకాలమున పెట్రోలు కరవై, కార్లను బొగ్గుగ్యాసుతో నడుపుటకు చేసిన వాల్వునే గాన్యాన్ దీనికి మార్చెను. నేడు కర్మాగారమున ఎర్రపెట్టెలో వ్రేలాడు ‘ఎస్‌సీబీఏ సెట్టు’ కూడ ఈ సూత్రము ననుసరించునదియే. వీపున సిలిండరు, ముఖమంతయు కప్పు మాస్కు, నడుమ వాల్వు. నీటిలో దిగు సెట్టును కర్మాగారమున గాని, దీనిని నీటిలో గాని వాడరాదు; కాని పరీక్షించు పద్ధతులలో పోలిక కలదు.

నీటిలో దిగువాడు ఒడ్డుననే గేజిని చూచి, వాల్వును పూర్తిగా తెరచి, నాలుగుసార్లు పీల్చుచు ముల్లును కనిపెట్టును. పీల్చినప్పుడెల్ల ముల్లు ఊగినచో సిలిండరు వాల్వు పూర్తిగా తెరుచుకొనలేదు. ఎర్రపెట్టెలోని సెట్టునకును ఇట్టి పరీక్షలే. సిలిండరు తెరచి, ముల్లు నిండుగా నిలిచిన పిదప మూసి, ఒక నిమిషము చూడవలెను. ముల్లు దిగజారుచున్నచో ఎచ్చటనో కారుచున్నది. పిదప మెల్లమెల్లగా గాలిని విడువగా, సుమారు 55 బార్లకడ విజిలు మ్రోగవలెను. ఆ విజిలే “ఇక మరలుము” అను హెచ్చరిక. మ్రోగని విజిలు గల సెట్టు ఎంత మెరుగుగా తుడిచియుంచినను పనికిరానిదే.

దాని ఆయువు కూడ లెక్కకు వచ్చునదే. 6 లీటర్ల సిలిండరును 300 బార్లకు నింపినచో సుమారు 1800 లీటర్ల గాలి యుండును. నిమిషమునకు 40 లీటర్లు పీల్చువానికి అది 45 నిమిషములు. నిచ్చెన ఎక్కుచు, మనిషిని మోయుచు నుండువానికి అరగంటయే. అందును విజిలు తరువాతి భాగము తిరిగివచ్చుటకే గాని పనికి గాదు. “ముప్పాతిక గంట సెట్టు” అని పెట్టెపై నున్నను, పనికి దొరకు కాలము అంతకంటె ఎంతో తక్కువ.

గొట్టముద్వారా గాలిని తెప్పించుకొను పద్ధతిలో వేరొక అపాయము కలదు. మందుల కర్మాగారములలో నిప్పంటుకొనకుండ రియాక్టర్లలోనికి నైట్రోజను పంపుదురు. దాని గొట్టమును గాలిగొట్టమును ప్రక్కప్రక్కనే యుండును. పొరపాటున ఒకదానికి బదులు మరియొకటి తగిలించినచో, వాసనయు మంటయు లేని నైట్రోజనును రెండుమూడుసార్లు పీల్చునప్పటికే మనిషి స్పృహ తప్పును. అమెరికా ప్రభుత్వపు రసాయన భద్రతా సంస్థ 2003లో ప్రకటించిన లెక్క ననుసరించి, 1992 మొదలు 2002 వరకు ఆ దేశమున నైట్రోజనువలన 80 మంది మరణించిరి. అందుచేత ఊపిరిగాలి గొట్టపు మొన మరి యే యితర గొట్టమునకును అతుకకుండునట్లు వేరుగా చేయవలెను. మనిషి జ్ఞాపకశక్తిపై గాక, అతుకుపై ఆధారపడుట మేలు.

తొట్టిలోనికి దిగునపుడు

గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 వంతులు. 19.5 వంతులకు తగ్గినచో దానిని లోపముగా నెంచుదురు. మూసియున్న తొట్టి, రియాక్టరు, మురుగుగుంత - వీనిలో నిది ఎంతకైన దిగిపోవచ్చును. కార్ట్రిడ్జి గాలిని వడగట్టునే గాని ప్రాణవాయువును పుట్టింపజాలదు. కనుక కార్ట్రిడ్జి మాస్కుతో తొట్టిలో దిగుట, మాస్కు లేకుండ దిగుటతో సమానము. ఒక్కొకప్పుడు ధైర్యము నిచ్చును గనుక అంతకంటె చెడ్డది.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 36వ సెక్షను ఈ విషయమున స్పష్టముగా చెప్పినది. అర్హుడైన మనిషి స్వయముగా పరీక్షించి, లోపల అపాయకరమైన వాయువు లేదని వ్రాసి యియ్యవలెను. లేదా దిగువాడు తగిన శ్వాసపరికరమును ధరించి, నడుమునకు బెల్టు కట్టుకొనగా, దాని త్రాటి కొనను బయటనుండు మనిషి పట్టుకొనవలెను. ఆ చట్టమునకు బదులుగా 2020 నాటి వృత్తిభద్రతా కోడు 2025 నవంబరు 21వ తేదీన అమలులోనికి వచ్చినది. చట్టము పేరు మారినను ఊపిరితిత్తుల స్వభావము మారలేదు. కాగితము, పరికరము, త్రాడు, బయట మనిషి - ఈ నాలుగును ఎప్పటివలెనే కావలసినవి.

ఆ త్రాడు విలువ యెంతటిదో వినుడు. లోపల ఒకడు పడిపోవును. బయటనున్న మిత్రుడు మనసాగక వెంటనే దుముకును, వానివెంట మరియొకడు. మూసిన చోటుల మరణములలో నూటికి 60కి పైగా ఇట్లు రక్షింపబోయినవారివే యని 1986లో అమెరికా వృత్తిభద్రతా పరిశోధనసంస్థ ప్రకటించినది. త్రాడు ఉండినచో దుమికెడి పనిలేదు, లాగిన చాలును. మీ కుమారుడు మంచివాడైనచో, తోటివాడు పడిపోగా దుముకును. అందువలననే మంచివారి తల్లులు ముందుగా చెప్పిపెట్టవలసిన మాట: “నాయనా, సిలిండరు తగిలించుకొనక దిగకుము. అరచి పిలువుము. త్రాడు లాగుము.”

మాస్కు చేయలేనిది

మాస్కును గూర్చి ఇంత చెప్పి, దాని హద్దును చెప్పకపోవుట మోసమగును. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారమునందలి సిగాచీ కర్మాగారమున ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అచ్చట తయారగునది మాత్రలలో కలుపు మెత్తని సెల్యులోజు పొడి. అట్టి ప్రేలుడుకడ లోకములోని యే మాస్కును మనిషిని కాపాడజాలదు. మాస్కు కట్టకడపటి గోడ. ఆవిరి బయటికి రాని మూతలు, గాలిని లాగివేయు పంకాలు, పొడి పేరుకొనకుండ తుడుపు, వేడిని కనిపెట్టు పరికరములు - ఇవి దానికి ముందు నిలువవలసిన గోడలు. ముందు గోడలు కట్టక మాస్కుమాత్ర మిచ్చి, “రక్షణ యిచ్చితిమి” అనుట, కప్పులేని యింటిలో గొడుగిచ్చి కాపురముండుమన్నట్లు.

ఇంటివద్ద అడుగదగిన ప్రశ్నలు

“కర్మాగారపు సంగతులు ఆడువారికేల?” యనువారుందురు. అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు 1910లో సీసపు కర్మాగారముల విషమును విచారించునపుడు, యజమానుల మాటలతో తృప్తిపడక, ఆసుపత్రి లెక్కలను వెదకి, పనివారి యిండ్లకు పోయి విచారించెను. ఆమెయే 1919లో హార్వర్డు విశ్వవిద్యాలయమున మొదటి స్త్రీ అధ్యాపకురాలైనది. భర్త ఊపిరిలోని వాసన, నిద్రలోని దగ్గు, అన్నముకడ తలనొప్పి - వీనిని మొదట కనిపెట్టునది భార్యయే. అది చిన్న సాక్ష్యము కాదు.

కావున మన సోదరికి చెప్పునదేమన: ఊపిరిలో మందువాసన వచ్చుచున్నదన్నచో, సాల్వెంటు దేహములోనికి పోయినదనియే యెంచవలెను. అది మాస్కు సందునుండియో, నిండిన కార్ట్రిడ్జినుండియో, మాస్కు తీసిన వేళనో, చేతొడుగులు లేనపుడు చర్మమునుండియో పోయియుండును. వెంటనే వైద్యునికి చూపి, ఏ ద్రవముకడ పనిచేయుచున్నారో పేరుతో సహా చెప్పింపుడు. పిదప ఈ ప్రశ్నలను అడుగుడు:

1. మీరు పీల్చుచోట నుండునది ధూళియా, ఆవిరియా? దాని పేరేమి?
2. కార్ట్రిడ్జిపై ఆ పదార్థము వ్రాసియున్నదా? తెరిచిన తేదీ యున్నదా?
3. అరచేతులతో మూసి పీల్చినపుడు మాస్కు ముఖమునకు అంటుచున్నదా? చేదు పరీక్ష జరిగినదా?
4. మాస్కులోని పలుచని రబ్బరు రేకు మడతపడకుండ, వెండ్రుక చిక్కుకొనకుండ నున్నదా? పట్టీలు సాగిపోలేదు గదా?
5. పని ముగిసిన పిదప మాస్కు ఎచ్చట నుండును?
6. తొట్టిలో దిగుమన్నపుడు పరీక్ష కాగితము, గాలి సిలిండరు, త్రాడు, బయట మనిషి - నాలుగును ఉన్నవా?
7. ఎర్రపెట్టెలోని సెట్టును కడపట ఎప్పుడు తెరచి చూచినారు? విజిలు మ్రోగినదా?

ఈ ప్రశ్నలను మీ భర్తను తప్పుపట్టు రీతిగా గాక, మేలుకోరి అడుగుడు. కాంట్రాక్టరు చేతిక్రింద పనిచేయువాడు నోరువిప్పిన పని పోవునేమో యని భయపడును. ఆ భయము నిరాధారము కాదు. ఒక్కడు అడిగిన నిష్ఠూరమగును. పదిమంది కలిసి భద్రతాధికారిని గాని, భద్రతాసంఘమును గాని అడిగిన అది విన్నప మగును. మీ గదులలో అద్దెకుండు పరదేశపు పిల్లలను కూడ కూర్చుండబెట్టి చెప్పుడు. వారి తల్లులు వందల మైళ్ళ దూరమున నున్నారు; వారికి తెలుగు రాకున్నను, అరచేతులతో మూసి పీల్చి చూపినచో భాషతో పనిలేదు.

అద్దెబాకీ నిలిచిన వచ్చే నెల తీరును, జీతము తగ్గిన మరియొక చోట దొరకును. పోయిన ఊపిరితిత్తులు మాత్రము ఏ బజారునను దొరకవు. కుండను తట్టి చూచినట్లు మాస్కును కూడ తట్టి చూడుడు.